చూడని శిథిలాలు, చెయ్యని ప్రసంగం

అబద్ధం రాసి మెప్పు పొంది, నిజం రాసి కొలువు పోగొట్టుకున్న విలేకరిని మీరెక్కడా చూసి ఉండరు. చూడండి, నేనే. ఆ మంట ఇంకా చల్లారలేదు.

డెబ్బయిల మొదట్లో, ఆరు నెలలు కాళ్లరిగేలా తిరిగి కోదాడ విలేకరి పని సంపాదించాను. అప్పుడే మా ఊరి బియ్యం మిల్లుల సేట్లు ముప్పైమంది బస్సు మాట్లాడుకుని సాగర్ దగ్గరి అనుపు శిథిలాలు చూడబోయారు. గ్రీకుదేశంలో ఉన్నట్టే అక్కడ మెట్లమెట్ల రంగస్థలం ఉందట. వాళ్ల పెద్ద వెంకటయ్య సేటు. వార్త కోసం నన్నూ ఎక్కించుకున్నారు.

మా పత్రికాఫీసు విజయవాడలో. వార్త మర్నాడే రావాలంటే పొద్దునే అక్కడికెళ్లే బస్సు కండక్టరుకు కవరివ్వాలి. అందుకని బయలుదేరకముందే రాసిచ్చేశాను: "గ్రీకు తరహా రంగస్థలం నడుమ నిలిచి వెంకటయ్యగారు అరగంట ప్రసంగించారు. ప్రాచీనుల ప్రతిభ తలచుకుని కంటతడి పెట్టారు." ఆలూ లేదు, చూలూ లేదు; నేను సోమలింగం బారసాల భోజనం కూడా వడ్డించేశాను!

బస్సు నేరేడుచర్లలో ఆగింది. డ్రైవరు కిందికి దూరి, నల్లటి చేతులతో బయటికొచ్చాడు. "ఇగ ఖతం సేటూ. మిర్యాలగూడ నుంచి మెకానిక్ రావాలె."

సాయంత్రం దాకా ఓ మిల్లు రేకుల కింద పులిహోర తిని, కునుకు తీసి, తిరిగొచ్చాం. మేం చూసిన ఏకైక శిథిలం ఆ బస్సే.

మర్నాడు వార్త అచ్చయింది. సేటు దుకాణానికి పరుగెత్తాను.

"తప్పయింది సేటూ, సవరణ పంపిస్త."

"ఏం తప్పు?" ఆయన పేపరు మూడోసారి చదువుతున్నాడు. "మంచిగనే మాట్లాడిన గద."

"మనం గాడికి పోనేలేదు!"

"పేపర్ల అబద్ధం రాస్తరా? 'బావకు గింత చదువున్నదా' అని మా వియ్యంకుడు కబురంపిండు. సప్పుడు చెయ్యకు."

నాకు సత్యం మీద మహాప్రేమ పుట్టింది. అదేదో ముందురోజు పొద్దున పుట్టి ఉంటే బాగుండేది! సవరణ పంపాను. ఎడిటరు సేటును సంజాయిషీ అడిగాడు. ముప్పైమంది సంతకాలతో జవాబు వెళ్లింది: "అందరం కళ్లారా చూసినం. విలేకరే నిద్రపోయిండు." కింద డ్రైవరు వేలిముద్ర!

వాణ్ణి నిలదీశాను. "నీ బస్సు నేరేడుచర్ల దాటిందా?"

"దాటలేదంటే రేపు నా బస్సు కిరాయికి ఎవరడుగుతరు, నువ్వడుగుతవా?"

వారంలో ఎడిటరు ఉత్తరం వచ్చింది. "మీ మొదటి వార్త బాగుంది. రెండోది పచ్చి అబద్ధం. అబద్ధాలు రాసేవారు మాకు అక్కర్లేదు." నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసేదాకా నన్ను నిలవనిస్తేగా!

ఆనాడే సూర్యుడి సాక్షిగా ఒట్టేసుకున్నాను: జరిగినా జరగకపోయినా, అచ్చయినదాన్ని ఈ జన్మలో ఖండించను. తర్వాత వేరే పత్రికల్లో ముప్పయ్యేళ్లు పనిచేశాను, ఒట్టు తప్పలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, సేటు ప్రసంగం అద్భుతమనే చెబుతాను.