పద్నాలుగు వేల అడుగుల మీద కందిపప్పు

ఎనిమిది మంది హిమాలయాలకు వెళ్ళి, దాటాల్సిన కనుమ దాటకుండానే వెనక్కి వచ్చేశారంటే మీరేమనుకుంటారు? మంచు తుఫాను వచ్చిందనుకుంటారు. కొండచరియ విరిగిపడిందనో, ఎవరి కాలో విరిగిందనో అనుకుంటారు. అలాంటి మర్యాదైన కారణం ఒక్కటీ లేదు. కారణం నేను. ఆ ఘోరం జరిగినప్పుడు నా చేతిలో ఐసు గొడ్డలి లేదు, తాడు లేదు. గరిటె ఉంది.

ఎనభైల మొదట్లో మాట ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. జంషెడ్‌పూర్‌లో, సీతారాండేరాలో మా ఇల్లు. ఒక చిన్న ఫౌండ్రీలో కొలిమి దగ్గర పని. ఇనుము గంజిలా కారడం రోజూ చూసేవాణ్ణి కాబట్టి, నిప్పు గురించి నాకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం. నాతోపాటే పనిచేసే సింహాచలానిది అదే ఊళ్ళో బారిడీహ్ పేట. మావి రెండూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. ఊళ్ళో కొందరు కలిసి కొండలెక్కే క్లబ్బు ఒకటి పెట్టుకుంటే మేమిద్దరం అందులో చేరాం. ఆదివారాలు దల్మా కొండ ఎక్కి దిగేవాళ్ళం. దల్మా మీద ఆయాసం రాకపోయేసరికి, హిమాలయం అంటే దల్మాకి పెద్దన్నయ్య అనుకున్నాం. పెద్దన్నయ్య కాదు, ముత్తాతకి ముత్తాత అని గఢ్వాల్‌లో బస్సు దిగిన మొదటి సాయంత్రమే తెలిసింది. తల ఎంత పైకెత్తినా కొండ అయిపోలేదు. నా టోపీ అయితే వెనక్కి పడిపోయింది.

మమ్మల్ని నడిపించే గైడు గోవింద్ సింగ్. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. పొట్టి మనిషి, మాటలు తక్కువ. బయలుదేరే ముందు మా సంచులన్నీ విప్పించి, అనవసరమైన బరువు తీయించి కింద ఊళ్ళో వదిలేయించాడు. తన ప్రెషర్ కుక్కర్ కూడా బరువేనని అక్కడే పెట్టేశాడు. నేను మాత్రం మా ఊళ్ళో మాంగో అనే పేట బజారులో కొన్న కిలో కందిపప్పుని తువ్వాల్లో చుట్టి, స్వెట్టర్ లోపల దాచాను. దేశం సరిహద్దు దాటిస్తున్న బంగారంలా, గుండెలకు హత్తుకుని మోశాను.

రోజులన్నీ ఒకేలా గడిచేవి. తెల్లవారుతూనే ఉస్తాద్ డేరాల్లోకి టీ అందించేవాడు. గ్లాసు పట్టుకుంటే వేళ్ళు బతికేవి. డేరాలు మడిచి, మధ్యాహ్నం దాకా ఎక్కి, మళ్ళీ డేరాలు వేసుకుని, ఆలుగడ్డలు తిని మసూర్ పప్పు నీళ్ళు తాగడం. మొదటి రోజు దేవదారు చెట్లు. తర్వాత చెట్లు పొట్టివైపోయి, ఆ తర్వాత గడ్డే, ఆ తర్వాత రాళ్ళే. ఎక్కేకొద్దీ మాటలు తగ్గిపోయేవి. ఊపిరి చాలక కొంత, ఏం చెప్పాలో తెలియక కొంత. యంత్రాల హోరులో అరిచి మాట్లాడడం అలవాటైన నేను, నా బూటు కింద గులకరాయి కదిలిన చప్పుడుకి ఉలిక్కిపడేవాణ్ణి.

ఆరో రోజు కనుమ కింద, చిన్న సరస్సు ఒడ్డున దిగాం. పద్నాలుగు వేల అడుగులు. మర్నాడు విశ్రాంతి. ఉస్తాద్ మిగిలినవాళ్ళని కాస్త దూరం నడిపించి దారి చూపిస్తానన్నాడు. నాకు తలనొప్పిగా ఉంటే డేరా దగ్గరే ఉండమని, సింహాచలాన్ని తోడు ఉంచాడు. వెళ్తూ వెళ్తూ కిరసనాయిలు డబ్బా చూపించి, దాన్ని ముట్టుకోవద్దని, తను వచ్చి ఖిచిడీ వండుతానని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నన్నే చూస్తూ చెప్పాడు.

వాళ్ళు కనుమరుగైన పావుగంటకి నేను తువ్వాలు విప్పాను. సింహాచలం కాసేపు దాన్నే చూశాడు.

"ఏటిరా ఇది?"

"కందిపప్పు. ముద్దపప్పు సేత్తాను. ఆళ్ళొచ్చేసరికి ఏడేడిగా ఉంటాది."

"ఉస్తాదు ముట్టుకోవద్దన్నాడు కదేటి."

"ఇనుము కరగబెట్టే ఊరోళ్ళం. పప్పు ఉడకబెట్టలేమేటి?"

ఈ వాక్యం నేను అనలేదని చెప్పుకోవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. సింహాచలం ఒప్పుకోడు.

స్టవ్వుకి గాలి కొట్టి, డేక్చీలో సరస్సు నీళ్ళు పోసి పెట్టాను. చూస్తుండగానే మరిగిపోయాయి. ఊళ్ళో కన్నా బేగి మరిగాయని, కొండ గాలి మహిమని సింహాచలానికి పాఠం చెప్పాను. పప్పు పోశాను. గంట తర్వాత ఒక బద్ద తీసి కొరికితే పన్ను జివ్వుమంది. ఇంకో గంట. పైన నీళ్ళు పెళ్ళివారి వంటశాలలోలా తెర్లుతున్నాయి, అడుగున బద్దలు నదిలో గులకరాళ్ళలా చెక్కుచెదరకుండా దొర్లుతున్నాయి. మూత పెట్టాను. మూత మీద రాయి పెట్టాను. ఆ రాయి మీద ఇంకో రాయి పెట్టాను. మాంగో కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని సింహాచలం అన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది. స్టవ్వు నీరసించినప్పుడల్లా డబ్బాలోంచి కిరసనాయిలు పోశాను. ఎన్నిసార్లు పోశానో లెక్కపెట్టే తెలివి ఉన్నవాడు అసలు ఆ పనికి పూనుకోడు కదా.

అప్పుడు సింహాచలం నా భుజం తట్టాడు.

"ఒరే, అటు సూడు."

"ముందు పప్పు సూడనీ."

"పప్పొదిలీరా. అటు సూడు."

చూశాను. పొద్దుటినుంచీ ఎదురుగా ఉన్నది మబ్బే అనుకున్నాం. ఆ మబ్బు మధ్యలో చీలింది. ఆకాశం ఉండాల్సిన చోట, మెడ నొప్పెట్టేంత ఎత్తున, తెల్లగా ఒక అంచు కనబడింది. అది కొండ అని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మబ్బు కిందికి జారేకొద్దీ అది పెరుగుతూ వచ్చింది. చివరికి సరస్సు అంతా దాని నీడే నిండిపోయింది. ఎక్కడో పైన మంచు విరిగి జారింది. తెల్లటి పొగ లేచిన చాలాసేపటికి చప్పుడు మా దగ్గరికొచ్చింది, దూరంగా గూడ్సు బండి వంతెన దాటినట్టు. కొలిమి ముందు నిలబడి కూడా ఎన్నడూ చేతులు జోడించనివాణ్ణి, గరిటెతో సహా జోడించాను. సింహాచలం బూట్లు విడిచేశాడు. ఎందుకని తర్వాత అడిగితే, ఉంచుకోబుద్ధి కాలేదన్నాడు.

అలా ఎంతసేపున్నామో తెలీదు. వెనక స్టవ్వు హోరు ఆగిపోయేసరికి ఈ లోకంలోకి వచ్చాం. డబ్బా ఊపి చూశాను. నిశ్శబ్దం ఎంత గొప్పదో ఆ క్షణంలో పూర్తిగా తెలిసింది.

ఉస్తాద్ తిరిగొచ్చి డేక్చీ చూశాడు, డబ్బా ఊపాడు. ఒక బద్ద తీసి కొరికి, పక్కనే కాచుకున్న పసుపు ముక్కు కాకి ముందు పడేశాడు. అది పొడిచి చూసి వదిలేసింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంత ఎత్తులో నీళ్ళు మరుగుతాయి బాబూ, వేడెక్కవు," అన్నాడు హిందీలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

తర్వాత అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. కనుమ అవతల మకాం మంచు మీద. అక్కడ తాగడానికి గుక్కెడు నీళ్ళు కావాలన్నా మంచు కరిగించాలి. కిరసనాయిలు లేకుండా ఎవరినీ అటు తీసుకెళ్ళనన్నాడు. మాలో ఘోష్ బాబు అని బెంగాలీ మేష్టారు ఉండేవారు, యాభై దాటిన మనిషి. ఆ కనుమ దాటాలని మూడేళ్ళుగా సెలవులు కూడబెట్టుకుని వచ్చారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నేను అంతవరకు ఊళ్ళోనూ, పనిలోనూ చాలా తప్పులు చేశాను గానీ, భూమిలోకి కూరుకుపోవాలని నిజంగా అనిపించింది అప్పుడే. అదీ కుదరదు, కింద అంతా రాయి.

ఉస్తాద్ చాలాసేపు కనుమ వైపు చూసి, ఒక మాట అన్నాడు. దాటలేం గానీ, పొద్దున్నే బయలుదేరితే కనుమ దాకా ఎక్కి చీకటి పడకముందే ఈ సరస్సు దగ్గరికి దిగొచ్చు. అయితే వండుకోకుండా తినేది ఏదైనా ఉండాలి. అప్పుడు సింహాచలం తలవంచుకుని డేరాలోకి వెళ్ళి, వేయించిన శనగలు విసిరిన సత్తు పిండి, రెండు కిలోల మూట తెచ్చి మధ్యలో పెట్టాడు. వాడూ దాచి తెచ్చాడు. ఉస్తాద్ ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వాడు.

మర్నాడు చన్నీళ్ళలో సత్తు కలుపుకు తాగి ఎక్కాం. నాలుగు అడుగులు, ఒక విరామం. మళ్ళీ నాలుగు అడుగులు. ఎండ నెత్తికెక్కే వేళకి కనుమ మీద నిలబడ్డాం. అవతల ఏముందో చెప్పమంటే ఇప్పటికీ నాకు మాటలు చాలవు. కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు, ఆఖరివి ఆకాశంలో కలిసిపోయి. మేం ఎనిమిది మందిమీ అక్కడ లేకపోయినా వాటికి ఏ లోటూ లేదు. ఆ ఆలోచన బాధ పెట్టలేదు, పెద్ద బరువేదో దించినట్టనిపించింది.

ఘోష్ బాబు పక్కన కూర్చుని, నా మూలంగా మీ కోరిక పాడయిందని గొణిగాను. ఆయన కొండల మీంచి చూపు తిప్పలేదు.

"దాటి ఉంటే ఈపాటికి కాళ్ళు చూసుకుంటూ అవతలికి దిగుతుండేవాణ్ణి," అన్నారు. "నీ పప్పు పుణ్యాన గంటన్నరగా కూర్చున్నాను."

ఆ మాటతో క్షమించేశారని నేను పొంగిపోయాను. క్లబ్బు క్షమించలేదని మరుసటి ఏడాది తెలిసింది. నోటీసు బోర్డు మీద కొత్త యాత్రకి నిబంధనలు అంటించారు. ఒకటి, మంచి బూట్లు ఉండాలి. రెండు, డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవాలి. మూడు, సభ్యులెవరూ సొంతంగా పప్పుధాన్యాలు తీసుకురాకూడదు. కొత్తగా చేరినవాళ్ళు మూడోది చదివి తల గోక్కునేవాళ్ళు. ఒకాయన నన్నే అడిగాడు. కొండ దేవతకి పడదండీ అని గంభీరంగా చెప్పాను. ఆయన భక్తిగా లెంపలేసుకున్నాడు. సింహాచలానికి అక్కడే పొలమారింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుటా ఒట్టేసి చెబుతున్నాను: పన్నెండు వేల అడుగులు దాటిన తర్వాత ఈ జన్మలో కందిపప్పు పొయ్యి మీద పెట్టను, పెట్టేవాడికి అగ్గిపెట్టె అందించను, తువ్వాల్లో చుట్టి స్వెట్టర్లో దాచను. పెసరపప్పు సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.