వైరస్ సాంపిల్ అడిగిన మామయ్య

మా మామయ్య పరీక్షించనిదే దేన్నీ నమ్మడు. తాళాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఉద్యోగమే అది. తయారైన తాళం చేతికిస్తారు, తాళంచెవి ఇవ్వరు. ఊచతోనో, సుత్తితోనో, మొండిపట్టుతోనో దాన్ని తెరవాలి. తెరుచుకుంటే ఆ తాళం పనికిరానిది, తెరుచుకోకపోతే బజారుకు వెళ్తుంది. ఆయన ఉద్యోగానికి రిటైర్మెంట్ వచ్చింది గాని చేతులకు రాలేదు.

కొత్త గొడుగు కొన్న రోజున స్నానాల గదిలో షవరు కింద ఆ గొడుగు పట్టుకుని, గడియారం చూసుకుంటూ ముప్పావుగంట నిలబడ్డాడు. కింద పడినా పగలవని చెప్పి అమ్మిన పళ్ళాలు ఆరు తెచ్చి, వంటింటి గుమ్మంలో ఒక్కొక్కటే వదిలాడు. రెండు మిగిలాయి.

"మిగతా నాలుగూ ఏవండీ?" అంది అత్తయ్య.

"అవి అబద్ధాలు. ఈ రెండే పళ్ళాలు."

నేను వాళ్ళింటికి రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. చిన్నప్పట్నుంచీ ఆయన్ని చూస్తున్నాను కనుక ఈపాటికి అలవాటు పడి ఉండాల్సింది. పడలేదు. ఇప్పటికీ ఆయన ఏదో ఒకటి చేయడం, నేను నోరు వెళ్ళబెట్టడం జరుగుతూనే ఉంది.

అత్తయ్య బట్టలు కుడుతుంది. ఇరవై మూడేళ్ళలో ఆమె కుట్టింది వదులైందనో బిగుతైందనో ఒక్కరూ వెనక్కి తేలేదు. అందరి కొలతలూ ఇంట్లో కంప్యూటర్లో ఉంటాయి. ఆ వారం ఒక బడి నాటకంలో వేషాలు వేసే అరవై మంది పిల్లల కొలతలు కూడా అందులో చేరాయి. శనివారం ఉదయానికి బట్టలు అందకపోతే నాటకం లేదు. ఎక్కడ విన్నా వైరస్‌ల గోలగా ఉందని, ఆ పెట్టెకు కాపలాగా మంచి సాఫ్ట్‌వేర్ ఎంచి పెట్టించమని ఆమె మామయ్యకు చెప్పింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

నెల రోజులు ఉచితంగా వాడుకోనిచ్చే యాంటీవైరస్‌లు మూడున్నాయని నేనే చెప్పాను. ఒకదాని తర్వాత ఒకటి చూస్తాడనుకున్నాను. మూడూ ఒకేసారి పెట్టేశాడు.

"పోటీ ఉంటేనే పనితనం తెలుస్తుందిరా," అన్నాడు.

ఒకే గేటు దగ్గర ముగ్గురు వాచ్‌మన్లను పెడితే ఏమవుతుందో అదే అయింది. మొదటిది రెండోదాన్ని దొంగ అంది. రెండోది మూడోదాన్ని పట్టుకుంది. మూడోది ఏమీ తోచక ప్రింటరును అనుమానించింది. నిమిషానికోసారి తెరమీద ఎర్రటి హెచ్చరిక. మొదటి రోజు అత్తయ్య ప్రతిదానికీ ఉలిక్కిపడింది. రెండో రోజునుంచి చదవకుండానే 'సరే' నొక్కేయడం అలవాటు చేసుకుంది. నాకే భయమేసి, కొలతలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి మామయ్య చేతిలో పెట్టాను. ఎవరి చేతిలో పెడుతున్నానో అప్పుడు ఆలోచించలేదు.

గురువారం ఉదయం పదింటికి మామయ్య మా షాపుకొచ్చి, ఓనరు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"ఈ మూడింట్లో ఏది మంచిదండీ?"

"మూడూ మంచివేనండీ."

"దొంగని పట్టుకోవడం మీరు కళ్ళారా చూశారా?"

"చూడ్డమేంటండీ, డబ్బా మీదే రాసుంది."

"పళ్ళాల డబ్బా మీదా రాసుంది. ఒక పని చెయ్యండి. మీ దగ్గర మంచి వైరస్ ఉంటే ఒకటి సాంపిల్‌కివ్వండి. ఇంటికెళ్ళి వదిలి చూస్తాను."

ఓనరు చేతిలో స్క్రూడ్రైవరు జారి టీ గ్లాసులో పడింది. నేను కొయ్యబారిపోయాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో వైరస్ తీసెయ్యమని వచ్చినవాళ్ళే గాని కావాలని వచ్చినవాళ్ళు లేరని, కాస్త తేరుకున్నాక ఓనరు అన్నాడు. మామయ్య వదల్లేదు. చిన్నదైనా ఫర్వాలేదన్నాడు, పాతదైనా ఫర్వాలేదన్నాడు. గంటసేపు బేరమాడి, పదకొండింటికి చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

పదకొండున్నరకు అత్తయ్య ఫోను. "ఒరేయ్, మీ మామయ్య అంత పనీ చేశారురా."

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. తెర నిండా ఎరుపు, మధ్యలో ఇంత పెద్ద తాళం బొమ్మ. మీ ఫైళ్ళన్నీ బంధించాం, డబ్బు పంపితే వదులుతాం అని కింద బెదిరింపు. కొలతలు తెరిచి చూస్తే పిచ్చి గీతలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తాళాలతో కుస్తీ పట్టిన మనిషి ఆ బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరేనా మామయ్యా?"

"నేనే. మూడు కాపలాలూ తీసేసి తలుపు బార్లా తెరిచా, ఎవడొస్తాడో చూద్దామని. వచ్చాడు."

అత్తయ్య పళ్ళాల దగ్గర మొదలుపెట్టి గొడుగు మీదుగా కంప్యూటరు దాకా వచ్చి, మళ్ళీ పళ్ళాల దగ్గరికెళ్ళింది. నేనూ ఊరుకోలేదు. పెద్దాయన అని కూడా చూడకుండా "మీకు బుద్ధుందా?" అనేశాను.

"నేనిచ్చిన పెన్‌డ్రైవులు ఏవి?"

"ఒకదాన్ని బకెట్లో నానబెట్టా. పోయింది."

గోడకు చేరగిలబడ్డాను. "రెండోది?"

"దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టి చూద్దామనుకున్నా. తీరిక దొరకలేదు."

ఆ తీరిక దొరకనందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక అత్తయ్య కుట్టుమిషనుకు పెట్టాను. పెన్‌డ్రైవు పట్టుకుని షాపుకు పరుగెత్తి చూస్తే, అరవై మంది కొలతలూ క్షేమంగా ఉన్నాయి. కాగితాల మీద తీసి తెచ్చిచ్చాను. అత్తయ్య మామయ్యను తిడుతూనే మిషను ముందు కూర్చుంది.

ఇక కంప్యూటరు మొత్తం తుడిచి మొదటినుంచీ పెట్టాలి. తుడిచేముందు దొంగ ఏ దారిన వచ్చాడో వెతకడం మా పనిలో అలవాటు. వెతికాను. మతిపోయింది. మూడు కాపలాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. పది ఇరవైకి అత్తయ్య పేర ఈమెయిల్లో ఒక ఉత్తరం వచ్చింది. మీరు కుట్టిన గౌను చంకలో పిగిలిపోయింది, ఫోటో చూడండి అని అందులో ఉంది. ఎవరో ఫోటో నొక్కారు. మూడు కాపలాలూ వద్దు వద్దని అరిచాయి. మూడుసార్లూ 'సరే' నొక్కారు. ఆ సమయానికి మామయ్య నా కళ్ళముందే మా ఓనరుతో బేరమాడుతున్నాడు.

"ఇది మీరు చేసింది కాదు," అన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "మెల్లగా మాట్లాడు. నేనొచ్చేసరికి ఉత్తరం తెరిచే ఉంది. ఫోటో రాలేదని వదిలేసి ఆవిడ తన పని చూసుకుంటోంది. తెర ఎర్రబడుతుంటే ఉత్తరం మూసేశా."

"నిజం చెప్పొచ్చుగా? ఎన్నేసి మాటలన్నాం."

"ఇరవై మూడేళ్ళలో ఒక్క ఫిర్యాదు ఎరగదురా మీ అత్తయ్య. గౌను పిగిలిందనేసరికి కంగారులో నొక్కేసింది. తనవల్లే అని తెలిస్తే శనివారం దాకా ఏడుస్తూ కూర్చుంటుంది. అదే నన్ను తిట్టుకుంటూ కుడితే ఆవిడ మిషను రెట్టింపు వేగంతో ఆడుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పరీక్షించి చూశా."

పక్కగదిలో మిషను అంత వేగంగా ఆడటం నేనెప్పుడూ వినలేదు. బుద్ధుందా అని ఎవర్ని అడిగానో తలుచుకుంటే సిగ్గేసింది. మాట మార్చడానికి, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టమంటారని అడిగాను.

"మీ అమ్మ కంప్యూటర్లో ఏది పెట్టావు?"

చెప్పాను.

"అదొక్కటే పెట్టు."

"పరీక్షించరా?"

"అమ్మకి పెట్టినదాన్ని పరీక్షించేదేముందిరా?"

ఆ రోజు చూసినవాటన్నిటికన్నా నేను ఎక్కువగా నివ్వెరపోయింది ఆ మాటకే.

శనివారం అరవై జతలూ వేళకు అందాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ సాయంత్రం మామయ్య తనకు తానే శిక్ష వేసుకున్నాడు. "నామీద నాకే నమ్మకం లేదు. ఇకమీద ఏ ఉత్తరమొచ్చినా ఇద్దరం పక్కపక్కన కూర్చునే తెరుద్దాం," అన్నాడు. అత్తయ్య తక్షణం ఒప్పుకుంది.

మొన్న ఆమె ఫోను చేసింది.

"నువ్వు పెట్టిన సాఫ్ట్‌వేర్ బాగానే ఉందిరా. కానీ దాన్ని నమ్ముకుంటే అయ్యే పని కాదు. మీ మామయ్య చేతులు ఒళ్ళో పెట్టించి, పక్కన కూర్చుని, ప్రతి ఉత్తరానికీ నేనే కాపలా కాస్తున్నా."

"మంచి పని చేస్తున్నావత్తయ్యా," అన్నాను.

"నన్నసలు నొక్కనివ్వడం లేదురా," అని వెనకనుంచి మామయ్య వాపోయాడు. ఆ గొంతులో ఇంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.