గోడవతలి చెయ్యి

పొద్దున తొమ్మిదింటికి వెనకింటి డ్రైవరు ఓబులయ్య గేటు తట్టి చెప్పిన మాటకు రమీజా చేతిలోని చీపురు జారి కిందపడింది.

"పెద్దమ్మ పోయింది మే. తెల్లారి నమాజుకు లేసి ఆడనే వాలిపోయింది. పదకొండుకు ఆస్పత్రి కాడ స్నానం చేపిస్తారు, మధ్యాన్నం మట్టి. పదిన్నరకు కారు మీ గేటు కాడ ఆపుతా. రెండు నిమిషాలే, ఆ పైన నిలబడలేను."

పెద్దమ్మ అంటే వజీరున్నీసా. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. భర్త పోయాక నలభై ఏడో ఏట ఖతార్ వచ్చి, ఈ పంతొమ్మిదివందల తొంభై ఆరు దాకా ఒకే అరబ్బు ఇంట్లో వండి వార్చింది, వాళ్ళ పిల్లల్ని ఐదుగురిని పెంచింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆ ఇల్లూ, రమీజా పనిచేసే ఇల్లూ వీపూ వీపూ ఆనించుకుని ఉంటాయి. గేట్లు వేరే వేరే వీధుల్లోకి. మధ్యలో ఒక్క గోడ, చెయ్యెత్తితే అందీ అందని ఎత్తు.

ఆ గోడ మీదుగానే ఆరేళ్ళ స్నేహం. నమ్మితే నమ్మండి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. రోజూ పదింటికి, బట్టలు ఆరేసే వేళ, పెద్దమ్మ నూనె డబ్బా ఎక్కి గోడ మీదుగా చెయ్యి చాపేది. చేతిలో గిన్నె, గిన్నెలో ఊరిబిండి పచ్చడో బొరుగుల ఉగ్గాణో. చిన్నప్పుడు రోకలి పడి వంకరపోయిన చిటికెన వేలు గిన్నె అంచు మీద నిలబడి ఉండేది. "పట్టుకుంటివా మే? ఇడుస్తాండా!" అని అరిచేది. "పట్టుకుంటి పెద్దమ్మా, ఇడువు," అన్నాక గానీ వదిలేది కాదు.

ఎంత నోరు తల్లీ ఆమెది! పావురాల్ని తిట్టేది, ఎండను తిట్టేది, రమీజా ఏడిస్తే రమీజాను తిట్టేది. అరబ్బీ ఒక్క ముక్క రాక బిక్కచచ్చిన పిల్లకు గోడవతల నుంచే భాష నేర్పింది. ఒకసారి మొహం చూపించమని రమీజా గారాలుపోతే, "నా మొగంలో ఏముంది మే సూసేకి? వచ్చే ఏడు ఇద్దరమూ ఒకే ఇమానంలో ఊరికి పోదాం. బొంబాయి దాకా సూస్తానే ఉండు," అంది.

ఇప్పుడు మిగిలింది గంటన్నర. కఫన్ గుడ్డ కప్పేలోపు ఒక్కసారి ఆ మొహం చూడాలి. యజమానురాలిని బతిమాలితే "బాదేన్, బాదేన్," అంది, తర్వాత చూద్దామని. మధ్యాహ్నం ఇంట్లో విందు మరి! రమీజా కడిగిన మాంసాన్నే మళ్ళీ కడిగింది. గడియారం చూస్తూ ఉల్లిపాయలతోపాటు వేలూ కోసుకుంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ బాదేనే.

పదింపావుకు కాళ్ళు అలవాటుగా గోడ దగ్గరికి లాక్కెళ్ళాయి. అవతల పావురాలు హాయిగా కువకువలాడుతున్నాయి, తిట్టే దిక్కు లేదు. అంతే, పిల్ల ఇంట్లోకి పరిగెత్తి, "ఉమ్మీ, మా అమ్మ, చచ్చిపోయింది!" అని గోడవైపు వేలు చూపించి భోరుమంది.

ఆ ఇల్లాలు బిత్తరపోయింది. ఆరేళ్ళుగా ఏసీ గది అద్దంలోంచి చూసి, పనిపిల్ల గోడతో మాట్లాడుకుంటోంది, కాస్త మతి తక్కువనుకుని ఊరుకుందట! గోడ వంక చూసింది, పిల్ల వంక చూసింది. బుర్ఖాలాంటి తన అబాయా తెచ్చి పిల్ల భుజాన వేసి, "యల్లా, పో," అంది. బయట ఓబులయ్య అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు.

స్నానం చేయించే గదిలో తెల్ల దుప్పటి కింద ఇంతే మనిషి. రమీజా ఊహించుకున్నది భారీ మనిషిని, గుండ్రటి మొహాన్ని. ఈమె బక్కపలచగా, బుగ్గలు లోపలికి పోయి, ఎవరో పరాయి ముసలమ్మ. కంట చుక్క రాలేదు. ఇంత ఆరాటపడి వచ్చింది ఈమె కోసమా? వేరే ఎవరి దగ్గరికో తెచ్చారేమో! "ఈమె నీకేమవుతుంది?" అని నీళ్ళు పోసే ఆమె అరబ్బీలో అడిగితే రమీజా గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

నీళ్ళు పోసే ఆమె కడగడానికని దుప్పటి కింది నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. చిటికెన వేలు వంకరగా, గిన్నె అంచు మీద ఉన్నట్టే నిలబడి ఉంది.

రమీజా ఆ చేతిని రెండు చేతులా ఒడిసిపట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. నీళ్ళు పోసే ఆమె చెంబు పట్టుకుని పక్కనే ఆగింది.

"పట్టుకుంటి పెద్దమ్మా," అంది రమీజా. "ఇడువు."