ముక్కు పొడిగానే ఉంది

మొన్న మార్చిలో మా అమ్మాయికి ఇంటర్ ఆఖరి పరీక్షలు. మొదటి రోజు స్కూటీ మీద నేనే దింపడానికి వెళ్ళాను. సెంటరు మిర్చి యార్డుకు పోయే రోడ్డులో పడింది. ఆ నెలలో ఆ రోడ్డు సంగతి గుంటూరు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మేడంత ఎత్తున వేసుకుని లారీలు బారులు తీరి ఉంటాయి. గేటు ముందు పిల్లలూ, తల్లిదండ్రులూ, వాచ్‌మనూ, ఆఖరికి హాల్ టికెట్లు చూసే మేష్టారూ అందరూ తుమ్ముతూనే ఉన్నారు. మా అమ్మాయి మొహానికి చున్నీ చుట్టుకుని బండి దిగింది. ప్యాడు చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేసి, కుడిచెయ్యి గుండె మీద వేసుకుని నిలబడిపోయింది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. అది నాదే. ఐదేళ్ళప్పుడు నా దగ్గర నేర్చుకుంది, నేను తంటాలు పడి మాన్పించాననుకున్నాను. నా ఎడమచేతి వేళ్ళు జివ్వుమన్నాయి. “ఏంటమ్మా?” అన్నాను. లోపల మొదటి గంట కొట్టారు. ఆ గంటకూ రెండో గంటకూ మధ్య జరిగింది చెప్పాలంటే, ముందు మా ఇంట్లో కారం మానేసిన సంవత్సరం గురించి చెప్పాలి.

మా పుట్టిల్లు మంగళగిరి. పక్కింట్లో మగ్గం, ఎదురింట్లో మగ్గం, ఆ టకటకల మధ్య పెరిగిన ప్రాణం నాది. పెళ్ళి చేసుకుని మిరపకాయల వాళ్ళింట్లో పడ్డాను. అత్తగారిది వినుకొండ దగ్గర పల్లె. చేను, కల్లం, ఇల్లు అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మా ఆయన గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. సాయంత్రం ఆయన చొక్కా దులిపితే ఆ పూట పప్పులోకి కారం వెయ్యక్కర్లేదని నేనే వేళాకోళం చేసేదాన్ని. అప్పట్లో నాకు ఘాటంటే తుమ్ము, తుమ్మంటే నవ్వు, అంతే.

పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా ఒక చలికాలం పొద్దున జ్వరం వచ్చింది. తడిగుడ్డ పెడదామని గిన్నెలో నీళ్ళు తెచ్చేసరికి ఫిట్స్. కళ్ళు తేలేసి, చేతులు కొట్టుకుని, ఆ చిన్న ఒళ్ళు కర్రలా బిగిసిపోయింది. రెండు నిమిషాలుంటుందేమో. ఆసుపత్రికి చేరేసరికి లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది. “చిన్నపిల్లల్లో జ్వరానికి ఇలా వస్తుందమ్మా, పెద్దయితే పోతుంది, కంగారు పడకండి,” అని డాక్టరుగారు చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమే, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పిల్ల మర్చిపోయింది, మా ఆయన మర్చిపోయారు. నేను మాత్రం ఆ రెండు నిమిషాల దగ్గరే ఉండిపోయాను. థర్మామీటరు కొంగున కట్టుకుని తిరిగానంటే నమ్మండి. ఆడుకునే పిల్లను ఆపి చంకలో పెట్టేదాన్ని. నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. తొంభై ఎనిమిది దాటి ఒక గీత పైకెళితే నా పని అయిపోయేది.

నాకు మొదటిసారి ఊపిరి ఆగినట్టయింది ఆ వచ్చిన ఫిబ్రవరిలో. బడి నుంచి వచ్చిన పిల్ల బుగ్గలు ఎర్రగా కనిపించాయి. ఎండలో ఆడి వచ్చింది, ఇంకేమీ లేదు. కానీ నా గుండె దడదడలాడింది, గొంతులో ఉండ అడ్డంపడ్డట్టయింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఎంత గాలి పీల్చినా సగంలోనే ఆగిపోతోంది. గడప పట్టుకుని కూలబడ్డాను. పోతున్నాననే అనుకున్నాను. నేను పోతే ఈ పిల్లకు తల ఎవరు దువ్వుతారు అని కూడా అనుకున్నాను. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, మంచినీళ్ళు తాగించి, వీధి వైపు చూసింది. యార్డు మాకు అరమైలు. “ఏముందండీ, ఘాటు పట్టింది. మీది మంగళగిరి ఒళ్ళు కదా, తట్టుకోలేదు,” అని తేల్చేసింది. నాకూ సబబుగానే తోచింది. ఊరంతా దగ్గుతుంటే నేను మాత్రం వేరే కారణంతో ఎందుకు చస్తాను?

అప్పటి నుంచి మిరపకాయ మీద యుద్ధం ప్రకటించాను. కిటికీలకు తడి తువ్వాళ్ళు కట్టాను. మా ఆయన పెరట్లో స్నానం చేసి, చొక్కా అక్కడే వదిలేస్తేగాని ఇంట్లోకి అడుగుపెట్టడానికి వీల్లేదన్నాను. పోపులో ఎండుమిరపకాయ మానేశాను, కూరలో కారం మానేశాను, అన్నిట్లోనూ మిరియాలే. గుంటూరులో కాపురముంటూ మిరియాల చారుతో సంవత్సరం గడిపిన ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. మా ఆయన నోరెత్తలేదు పాపం. ఆఫీసు పక్క హోటల్లో కారం దోసె తిని, శుభ్రంగా పుక్కిలించుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేవారు. పెదవుల ఎరుపు చూసి ఒకరోజు పట్టుకున్నాను. “ఒక్కటే తిన్నానే,” అన్నారు దొంగలా. దగ్గు మందులు, ఎలర్జీ మాత్రలు, నోట్లో కొట్టుకునే పంపు, అన్నీ అయ్యాయి. గుండె పరీక్ష చేయించారు, గుండె గుండ్రాయిలా ఉందన్నారు. మేలో యార్డుకు సెలవులిచ్చారు, ఒక్క లారీ లేదు, రోడ్డు కడిగినట్టుంది. అయినా నాకు ఊపిరి ఆగింది. అయితే ఇంటి గోడలకు పట్టిన ఘాటే అయి ఉంటుందని ఇల్లు మార్పించి ఊరికి ఆ చివరకు చేరాను. ఆ ఇంట్లో దిగిన మూడో రోజున మళ్ళీ వచ్చింది. రెండు వీధుల అవతల కారం మిల్లు ఉందని కనుక్కుని, తప్పు దాని మీద వేశాను. గుంటూరులో ఇంకెటు పోయినా ఏదో ఒక మిల్లు ఉంటుంది కదా, నాకు సాకులకు కరువు రాలేదు.

మరుసటి ఫిబ్రవరిలో, సరిగ్గా కాయ కోతల సమయంలో, అత్తగారికి కాలు బెణికింది. వెళ్ళక తప్పలేదు. మిరపకాయ ఉన్న చోటికి నేను వెళ్ళడమంటే నిప్పుల్లోకి వెళ్ళినట్టే అనుకుంటూ, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, పిల్లతో బస్సు దిగాను. ఇంటి ముందు కల్లమంతా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. అత్తగారు కాలు పీట మీద చాపుకుని, కుర్చీలో కూర్చుని, తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మీద అజమాయిషీ చేస్తున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, మంచికాయలో అది కలిస్తే ధర పలకదు. ఆవిడ కంటిని తప్పించుకున్న తాలుకాయ ఆ ఊళ్ళో లేదు. నన్ను చూసి, “ఏందమ్మాయ్ ఆ వేషం, బందిపోటు దొంగలా?” అన్నారు. నేను లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

రెండో రోజు పొద్దున పిల్ల గొంతు వినిపించి వసారాలోకి వచ్చాను. నాన్నమ్మ రమ్మని పిలుస్తోంది, ఇది కల్లం అంచున నిలబడి కదలడం లేదు. చెయ్యి గుండె మీద వేసుకుని, నోరు తెరిచి, అచ్చం నాలాగే ఎగశ్వాస తీస్తోంది. “నేను రాను నాన్నమ్మా. అక్కడికొస్తే నాకు ఊపిరాగిపోద్ది. మా అమ్మకు ఆగిపోద్దిగా,” అంది. దానికి అప్పటికి ఐదేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు అదే కల్లంలో కాయ మీద పడి దొర్లి, ఒళ్ళంతా మండి, అయినా నవ్విన పిల్ల. నా బిడ్డకు నేను నేర్పింది ఇదా అనిపించింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ రెండూ బయటికి రాకముందే ఊపిరి ఆగింది. వసారా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయాను.

అత్తగారు కర్ర పోటేసుకుంటూ కుంటుకుంటూ వచ్చారు. నీళ్ళివ్వలేదు, వీపు రాయలేదు. నా మొహానికి కట్టుకున్న గుడ్డ లాగేసి, గడ్డం పట్టుకుని తల పైకెత్తి, తాలుకాయ చూసినట్టు నన్ను చూశారు. తర్వాత కొంగుతో నా ముక్కు తుడిచి, ఆ కొంగు వేళ్ళతో నలిపి చూసుకున్నారు. “పొడిగా ఉంది,” అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. “అమ్మాయ్, నాకు డాక్టరు చదువు తెలవదు. మిరపకాయ సంగతి మాత్రం తెలుసు, అరవై ఏళ్ళ బట్టి దాంతోనే కాపరం. మిరపకాయైతే ముందు ముక్కు కారాలి, కళ్ళు మండాలి, ఆనక దగ్గు రావాలి. అదుగో వాళ్ళందరి మొహాలు చూడు. నీ ముక్కు పొడి, కళ్ళు తెలుపు, తుమ్మన్నది లేదు. దీనికీ మిరపకాయకీ సంబంధం లేదు. ఇది భయం,” అన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే సంవత్సరం పాటు మొగుణ్ణి పెరట్లో స్నానం చేయించింది ఎందుకో చెప్పాలి కదా. ఆవిడ వాదించలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆడవాళ్ళ మధ్య, కాయ కుప్ప ముందు కూర్చోబెట్టారు. “ఏరు. ఊపిరాగిపోతే నేనున్నా,” అన్నారు. ఏరాను. ఐదు నిమిషాల్లో తుమ్ము మొదలైంది. ఇక తుమ్మే తుమ్ము. కళ్ళు ధారలు కట్టాయి, ముక్కు చీదలేక చచ్చాను, పక్కనున్నావిడ “చిరంజీవ, చిరంజీవ” అని అని విసిగిపోయి మానేసింది. అంతసేపూ ఊపిరి మాత్రం హాయిగా, కింద దాకా ఆడుతూనే ఉంది. నాకే నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి పిల్ల కల్లంలోకి ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసి నా ఒళ్ళో కూర్చుంది, కూర్చున్నాక తుమ్మింది.

ఆ మధ్యాహ్నం అన్నాలప్పుడు అత్తగారు తనంతట తానే ఒక మాట చెప్పారు. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు, నేలబావి వైపు పాకుతున్నాడనిపించి ఆవిడకూ ఇలాగే గుండె దడ వచ్చేదట. పిల్లాడు ఒళ్ళో నిద్రపోతున్నా వచ్చేదట. “మరి ఎవరికి చెప్పుకున్నారు అత్తయ్యా?” అంటే, “ఎవరికి చెప్పుకునేది? పిచ్చిదంటారని భయం. చేలో పడి చాకిరీ చేసుకున్నా. నీకైతే డాక్టర్లున్నారు, పోయి చెప్పుకో. ఈసారి మిరపకాయ మీద పెట్టి చెప్పమాక,” అన్నారు.

గుంటూరులో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి మా ఆయనే తీసుకెళ్ళారు. ఇరుగుపొరుగుకు మాత్రం నరాల డాక్టరని చెప్పాం. మన వైపు మనసుకు జబ్బు రాదు, నరాలకే వస్తుంది. డాక్టరమ్మ మొదటి నుంచి చివరి దాకా విన్నారు. ఇది ఆందోళన అన్నారు. నాకు వచ్చే తిమ్మిరి, దడ, గొంతులో ఉండ అన్నీ నిజమేననీ, నటన కాదనీ, వాటితో ప్రాణం మాత్రం పోదనీ చెప్పారు. “నిజమే” అని ఒక డాక్టరు అన్నందుకు అక్కడే ఏడ్చేశాను. కొన్నాళ్ళు మాత్రలు ఇచ్చారు. గాలి పీల్చడం మీద కాకుండా వదలడం మీద దృష్టి పెట్టమన్నారు, నిదానంగా, పొడుగ్గా. థర్మామీటరు మా ఆయన చేతికిచ్చెయ్యమన్నారు. అన్నిటికంటే అదే కష్టమైంది. ఆయన దాన్ని అటక మీద దాచారు, నేను రెండుసార్లు స్టూలు వేసుకుని ఎక్కి, రెండుసార్లూ పట్టుబడ్డాను. అంతా బాగవడానికి రెండేళ్ళు పట్టింది. బాగవడమంటే రాకపోవడం కాదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు వేలితో ముక్కు కింద తుడుచుకుని చూసుకుంటాను. పొడిగా ఉంటే, ఓహో నువ్వా అనుకుని, ఎక్కడున్నానో అక్కడే కూర్చుని గాలి వదులుతాను. ఇంట్లోకి కారం తిరిగొచ్చిన రోజున మా ఆయన పండుమిరప పచ్చడితో కలిపిన అన్నం తింటూ కళ్ళు తుడుచుకున్నారు. ఘాటుకేనని అన్నారు.

ఇవన్నీ పిల్లకు నేను కూర్చోబెట్టి చెప్పిందేమీ లేదు. చూసి ఉంటుంది. చెయ్యి గుండె మీద వేసుకోవడం చూసినప్పుడు, ఆ తర్వాతది చూడకుండా ఉంటుందా? కానీ ఆ నమ్మకం నాకు పరీక్ష గేటు దగ్గర లేదు. నేర్పిన పాపం ఒక్కటే గుర్తుంది. పరిగెత్తి పట్టుకుందామా, నీళ్ళు తాగించుదామా, వాచ్‌మన్‌ను బతిమాలుకుందామా అని కాళ్ళు ముందుకు లాగుతున్నాయి. స్కూటీ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఆగాను. నేను పరిగెడితే అది నా భయం కూడా మోసుకుని లోపలికెళ్ళాలి.

ఆ పిల్ల చున్నీ విప్పింది. వేలితో ముక్కు కింద తుడుచుకుంది. వేలు చూసుకుంది. నా వైపు తిరిగి, “పొడిగానే ఉందమ్మా,” అంది.

“అయితే?” అన్నాను.

“భయమే. ఇంకేం లేదు.” నోటితో నిదానంగా గాలి వదిలింది. ఇంకోసారి వదిలింది. చున్నీ తీసి నా చేతిలో పెట్టి, “నువ్వు ముందు నీ ముక్కు చూసుకో,” అని, గేటు దాటి, మెట్లెక్కింది. మెట్ల మీద గట్టిగా తుమ్మింది కూడా. అప్పుడే రెండో గంట కొట్టారు.

నా ముక్కు ధారగా కారుతోంది. అందులో మిరపకాయ వాటా ఎంతో, నా వాటా ఎంతో తెలియదు. బండి పక్కన పెట్టి అత్తగారికి ఫోన్ చేశాను. అంతా విని, “ఓరి దీని దుంప తెగ, నాకు ముప్పై ఏళ్ళు పట్టింది కదే అమ్మాయ్, అది భయమని తెలవడానికి,” అని నవ్వారు. నాకు ఏడాది పట్టింది. ఆ పిల్లకు మొదటి గంటకూ రెండో గంటకూ మధ్యనున్న సమయం సరిపోయింది.