చేతులకు ఒక కెమెరా

పల్నాడు వేరే జిల్లా అయిన మరుసటి ఏడాది, శివరాత్రి వెళ్ళిన కొద్ది రోజులకు, నాకు నరసరావుపేట పని అప్పగించారు. అప్పుడు నేను ఒక ప్రభుత్వ శాఖ వీడియో విభాగంలో సీనియర్ ప్రొడ్యూసర్‌ని. సినిమా ప్రొడ్యూసర్‌లాగా డబ్బు పెట్టే హోదా కాదది. స్క్రిప్టు నుంచి షూటింగు, ఎడిటింగు, చివరి బిల్లు దాకా జవాబుదారీ వహించే ఉద్యోగం. సొంతంగా సంపాదించుకుంటున్న దివ్యాంగ మహిళల మీద చిన్న డాక్యుమెంటరీ తీయమన్నారు. వాళ్ళలో ఒకరు నకరికల్లులో బట్టలు కుట్టే శివపార్వతి. పుట్టుకతోనే ఆమెకు వినికిడి లేదు, మాట రాలేదు.

మా విభాగంలో పనికొచ్చే కెమెరా ఒక్కటే మిగిలింది. మిగతావి కొనాలన్నా అద్దెకు తేవాలన్నా ముందు ఇండెంట్ పెట్టాలి. అంటే ఏ వస్తువు, ఎందుకు కావాలో రాసి పై అధికారి సంతకానికి పంపాలి. సంతకమయ్యాక మూడు దుకాణాల నుంచి ధరలు తెప్పించి, తక్కువ చెప్పిన చోట తీసుకోవాలి. మంజూరైన మొత్తంలో మంచి మైకుల సెట్టో, రెండో కెమెరానో, డ్రోనో, ఏదో ఒకటే వస్తుంది. మా పై అధికారి డిప్యూటీ డైరెక్టర్‌ని అందరం డీడీగారు అనేవాళ్ళం. ఆయన మనసు డ్రోన్ మీద ఉంది. మిరప కల్లాలను పైనుంచి తీస్తే తెర నిండా ఎరుపే కనిపిస్తుందని ఆయన ఆశ. కెమెరామన్ రహీమ్‌ది మాచర్ల. అతను మైకుల వైపు. “బొమ్మ కొంచెం మసకైనా జనం చూస్తారు మేడమ్. మాట వినపడకపోతే లేచిపోతారు,” అనేవాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను పాటించిన సూత్రమూ అదే. అందుకని ఇండెంట్‌లో మైకులే రాసుకున్నాను.

షూటింగుకు ముందు చోటు, వెలుతురు చూసుకునే ప్రయాణాన్ని మేము రెక్కీ అంటాం. దానికోసం నేనూ రహీమూ నకరికల్లు వెళ్ళాం. శివపార్వతి అన్న కోటేశ్వరరావు మిరప రైతు. చెల్లెలు అన్నావదినల ఇంట్లోనే ఉంటూ వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. చిన్నప్పుడు నరసరావుపేటలో వినికిడి లేని పిల్లల బడిలో, హాస్టల్లో ఉండి చదివింది. అక్కడ సంజ్ఞా భాష వచ్చింది. వాక్యాలు రాయడం పట్టుబడకముందే తల్లి జబ్బుపడటంతో ఇంటికి తెచ్చేశారు. పేరు రాస్తుంది, కొలతలు రాసుకుంటుంది, అంతే. ఇంట్లో అన్నకు తెలిసినవి తిండికీ, పనికీ, జ్వరానికీ వాళ్ళు కల్పించుకున్న నాలుగు సైగలు.

“నేను చెప్తాగా మేడమ్. మా చెల్లి ఏమన్నా నాకు అర్థమయిద్ది,” అన్నాడు కోటేశ్వరరావు. ఆ మాటలో గొప్ప లేదు, నమ్మకం ఉంది.

ఆమె చేతులతో మాట్లాడుతుంటే నేను కాసేపు ఫోన్‌లో వీడియో తీసి గుంటూరులోని సుగుణ టీచర్‌కు పంపాను. ఆమె నరసరావుపేట బడిలో సంజ్ఞా భాష నేర్పి రిటైరైన మనిషి. సినిమాకు కింద అక్షరాలు రాసిపెట్టడానికి ఒప్పుకున్నారు. మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉండటం వల్ల మాతో రాలేకపోయారు. వీడియో చూసి ఫోన్ చేశారు.

“ఇదేంటమ్మా, ముఖం తీశావు, మాట వదిలేశావు! చెయ్యి కిందికి దిగితే కనపడదు, పైకి లేస్తే కనపడదు. ఉన్నది కూడా గీతలు గీసినట్టుంది. నేనేం చదవను?”

ఆ రాత్రి ఇండెంట్ కొట్టేసి మళ్ళీ రాశాను. ఒక కెమెరా పూర్తిగా చేతులకే ఉండాలి. నడుము నుంచి తలపై దాకా ఫ్రేమ్ పెట్టి, మాట్లాడినంతసేపూ కదపకూడదు. మొదటి కెమెరా ముఖాన్నీ, మిషన్నీ, ఇంటినీ తిరిగి తీసుకుంటుంది. చేతులు చెదిరినట్టు పడకుండా ఉండాలంటే షటర్ వేగం పెంచాలి. వేగం పెంచితే బొమ్మ చీకటవుతుంది కనుక ఒక లైటు కావాలి. వెనకాల కట్టడానికి ముదురు రంగు దుప్పటి ఇంట్లోదే సరిపోతుంది. మైకుల సెట్టు పోయింది. కోటేశ్వరరావు చొక్కాకు పెట్టే చవక కాలర్ మైకు ఒకటి మిగిలింది.

డీడీగారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు. “మాట రాని మనిషికి రెండు కెమెరాలేందమ్మా?” అన్నారు. ఆమెకు మాట చేతుల్లో ఉందనీ, ఒక్క కెమెరాతో తీస్తే ఆ మాట సగంలో తెగుతుందనీ చెప్పాను. ఇష్టం లేకుండానే సంతకం పెట్టారు. డ్రోన్ సంగతి మరిచిపోవద్దని మాత్రం అన్నారు.

షూటింగు సాఫీగానే సాగింది. కెమెరా పక్కన కోటేశ్వరరావును కూర్చోబెట్టాం. నా ప్రశ్న ఆయన సైగల్లో అడుగుతాడు, ఆమె జవాబు మాటల్లో చెబుతాడు. ఇంకా ఏం కావాలనుకుంటున్నావని అడిగించాను. ఆమె చేతులు చాలాసేపు ఆడాయి. మధ్యలో మూడు వేళ్ళు నిలబెట్టి చూపించింది. మళ్ళీ చూపించింది. కోటేశ్వరరావు నవ్వాడు.

“కోటప్పకొండ తిరనాళ్ళకి తీసకపొమ్మంటంది మేడమ్. ఎప్పుడూ ఇదే గోల. మొన్న కూడా పొయ్యొచ్చాం.”

కోటప్పకొండకు మూడు శిఖరాలు కనుక ఆ అర్థం మాకూ సబబుగానే తోచింది. జవాబు అంత పొడుగ్గా ఉండి తర్జుమా ఇంత పొట్టిగా ఎందుకుందని మాత్రం రహీమ్ నా వైపు చూశాడు.

ఎడిటింగు గదికి సుగుణ టీచర్ చేతికర్రతో వచ్చారు. రెండో కెమెరా తీసింది పెట్టాం. ఆ చోటికి రాగానే ఆపమన్నారు. వెనక్కి తిప్పించి మళ్ళీ చూశారు.

“తిరనాళ్ళు కాదమ్మా. మూడు వేళ్ళంటే మా పిల్లల భాషలో నరసరావుపేట. బడి కిటికీలోంచి కొండ కనపడేది కదా, ఊరికి ఆ పేరు పెట్టుకున్నారు,” అని, ఒక్కో సంజ్ఞ చూస్తూ శివపార్వతి మాటల్లోనే చెప్పుకుంటూ పోయారు. “నాతో చదివిన అమ్మాయి నరసరావుపేటలో కుట్టు షాపు పెట్టింది. నన్ను రమ్మంటోంది. ఫోన్‌లో వీడియో పెట్టుకుని దాంతో మాట్లాడినంతసేపే నేను మాట్లాడేది. ఫోన్ పెట్టేస్తే ఇంట్లో నాకు మాట లేదు. అక్కడ ఉంటాను, పని చేసుకుంటాను. అన్నకు చెప్తే కొండకు తీసుకెళ్ళి బొమ్మలు కొనిపెడతాడు.”

ఆ మాటల్ని ఉన్నవున్నట్టే కింది అక్షరాలుగా పెట్టాం.

సినిమా పూర్తికాకముందు కూర్పును అందులో ఉన్నవాళ్ళకు చూపించడం మా పద్ధతి. టీచర్‌ను వెంటబెట్టుకుని నకరికల్లు వెళ్ళాం. కోటేశ్వరరావు లాప్‌టాప్ ముందు కూర్చుని కింది అక్షరాలు పెదాలు కదుపుతూ చదివాడు. చివరికొచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి.

“ఇదా ఇది అడిగింది? ఏటేటా కొండకి తీసకపోతన్నానే!” అన్నాడు. లాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. “ఆడమనిషి టౌన్లో ఒక్కతే ఉంటే ఊళ్ళో ఏమనుకుంటారు? మేం సరిగ్గా చూడక పోయిందనరా? అది తీసెయ్యండి మేడమ్.”

డీడీగారికి ఫోన్ చేస్తే, ఇంట్లోవాళ్ళు వద్దన్నది పెట్టి గొడవ తేవద్దన్నారు. కానీ చిత్రీకరణకు అనుమతి పత్రం మీద సంతకం శివపార్వతిది, అన్నది కాదు. తీసేయాలో ఉంచాలో చెప్పాల్సింది ఆమే. టీచర్ ద్వారా అడిగించాను.

ఆమె అన్న ముఖం చూసి, టీచర్ వైపు తిరిగి, నెమ్మదిగా జవాబిచ్చింది. టీచర్ తర్జుమా చేశారు. “నేను చెప్పింది ఉంచండి. తిరనాళ్ళని అన్న నవ్వింది తీసేయండి. చూసినవాళ్ళు మా అన్న చెడ్డవాడనుకుంటారు.”

కోటేశ్వరరావు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మేము బయల్దేరుతుంటే కారు దాకా వచ్చి, “టీచరుగారూ, ‘ఉంటా’ అనేదానికి చెయ్యి ఎట్టా పెట్టాల?” అని అడిగాడు. ఆమె చూపించారు. రెండు మూడుసార్లు తప్పు పెట్టి, తరువాత సరిగ్గా పెట్టాడు.

ఆయన నవ్విన ముక్క తీసేశాం. సినిమా జిల్లా సదస్సులో వేశారు, కొన్ని శిక్షణ తరగతుల్లో చూపించారు. బహుమతులేమీ రాలేదు. డ్రోన్ లేదు కనుక మిరప కల్లాల ఎరుపూ అంతగా రాలేదు. మిరపకాయల అమ్మకం అయ్యాక శివపార్వతి మిషను ఎత్తుకుని నరసరావుపేట వెళ్ళింది. అన్నే ట్రాక్టరులో దింపి వచ్చాడట. వదినకు మొదట్లో నచ్చలేదని, ఇప్పుడు తన జాకెట్లు కుట్టడానికి అక్కడికే పంపుతోందని రహీమ్ చెప్పాడు.

ఆడిట్‌లో ఆ రెండో కెమెరా ఎందుకని అడిగారు. సుగుణ టీచర్ రాసిన తర్జుమానూ, అన్న చెప్పిన తర్జుమానూ పక్కపక్కన పెట్టి జవాబు పంపాను. అభ్యంతరం ఎత్తేశారు.

డబ్బు తక్కువున్నప్పుడు ముందు మైకు కొనాలన్న సూత్రం తప్పు కాదు. మా డాక్యుమెంటరీల్లో ఎక్కువ వాటికి అదే సరిపోయింది. కానీ అది చెవితో వినే మాట కోసం పుట్టిన సూత్రం. ఏ పరికరం కొనాలో తేల్చేముందు మాట్లాడే మనిషి దేంతో మాట్లాడుతుందో చూడాలి. మధ్యలో చెప్పేవాడు ఎంత ప్రేమగలవాడైనా, ఆమె అన్నదాన్ని ఇంకొకరు సరిచూసుకోవడానికి వీలుగా రికార్డు చేయాలి. అది మిగిలితే తర్జుమా తప్పయినా దిద్దుకోవచ్చు. అది లేకపోతే తప్పు జరిగిందని కూడా ఎవరికీ తెలియదు.