బారెడు దూరం

మా గుర్రప్పిల్లను గుంటడని పిలిచేవాళ్ళం. మగది కనుక, ఇంట్లో అప్పటికి వేరే గుంటడు, అంటే మగపిల్లాడు, లేడు కనుక. డెబ్బైల్లో మేము హుకుంపేటకు రెండు కొండల అవతల చిన్న దుకాణం పెట్టుకుని ఉండేవాళ్ళం. రోడ్డు లేదు. ఇక్కడి చింతపండు సంతకు చేర్చాలన్నా, అక్కడి ఉప్పు, ఎండుచేపలు మా దుకాణానికి తేవాలన్నా గుర్రమే దిక్కు. ఆ బరువంతా గుంటడి తల్లి మోసేది. దానికి మోకాళ్ళు పట్టేశాయి. ఇక గుంటడు పనిలోకి దిగాలి.

గుంటడేమో మహారాజు. రెండేళ్ళు నిండినా నా కొంగున కట్టిన బెల్లం కోసం తలతో వీపు మీద కుమ్మేవాడు. నేను ఒక అడుగు తప్పుకుంటే వాడు రెండడుగులు వేసేవాడు. ఒకసారి నీళ్ళబిందెతో సహా నన్ను పెరట్లో పడేసి, పడ్డదాని కొంగు తీరిగ్గా వెతుక్కున్నాడు. నాకు కోపం రాలేదు సరికదా, మురిసిపోయాను. అదేం పెంపకమని ఎవరైనా అంటే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని.

మా ఆయన మొదటిసారి వాణ్ణి తల్లి లేకుండా సంతకు బయల్దేరదీసిన రోజు, పొద్దెక్కకముందే ఇంటి ముందు సకిలింపు వినబడింది. గుంటడు వచ్చాడు, చింతపండు గంపలు రాలేదు. కాసేపటికి మా ఆయన గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"మలుపు కాడ ఎనక్కి సూసి ఒకటే పరుగు," అన్నాడు. "ఇంకో రెండు సంతలు సూత్తాను. అప్పటికీ ఇదే బాగోతమైతే సంతలోనే అమ్మేత్తాను. నాను మొయ్యలేను కదేటి."



తల్లి మీద బెంగ అనుకున్నాం ఇద్దరమూ. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. తల్లి మెడలోని గంట విప్పి వాడి మెడకు కట్టాను, అమ్మ పక్కనే ఉందనుకుంటాడని. వాడు అడుగు వేయగానే గంట మోగింది. అమ్మ ఎక్కడా అని వెనక్కి తిరిగాడు. మళ్ళీ మోగింది. అలా పెరడంతా గిరగిరా తిరిగాడు. మా ఆయన అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

పక్కింటి ముసలమ్మ గోడ మీంచి ఇదంతా చూసింది. ఆ కొండల్లోనే పుట్టి, పెళ్ళికి ముందు నుంచీ గుర్రాలు తోలిన మనిషి. "రెండిట్నీ ఒక కాడే కట్టి, నువ్వు గెడ్డకి పో," అంది నాతో.

కట్టేసి, మేము నీళ్ళు తెచ్చుకునే గెడ్డ వైపు పది అడుగులు వేశానో లేదో వెనక సకిలింపు. తల్లి వాడి పక్కనే నిలబడి గడ్డి నములుతోంది. కొడుకు మాత్రం నా వైపు చూస్తూ గుంజ పెరికేస్తున్నాడు.

"దాని బెంగ తల్లి మీద కాదు పిల్లా, నీ మీద," అంది ముసలమ్మ. "నువ్వు ఎనక్కి తగ్గుతున్నావు, అది ముందుకొత్తంది. సేత్తో తిండి పెట్టకు. బారెడు దూరంలో నిలబెట్టు. పిలిత్తేనే రావాల."

సిగ్గేసింది. లోపల్లోపల గర్వంగానూ ఉంది, అబద్ధమెందుకు.

మర్నాటి నుంచి బెల్లం కొంగులోంచి చేటలోకి మారింది. వాడు కుమ్మబోతే నేను తప్పుకోకుండా, వాడి రొమ్ముకు చెయ్యి ఆనించి ఎదురు నడిచేదాన్ని. వెనక్కి వెళ్ళి బారెడు దూరంలో కుదురుగా నిలబడితేనే పిలిచి చేట కింద పెట్టేదాన్ని. ముసలమ్మ చెప్పిన రెండో పాఠం వాడికంటే నాకే కష్టమైంది. గోడ చాటుకు వెళ్ళి, వాడు సకిలించేలోపే తిరిగి వచ్చేయాలి. సకిలించాడా, నోరు మూసేదాకా రాకూడదు. మొదటి రోజు ఆ గోడ వెనక ఎంతసేపు నిలబడ్డానంటే పొయ్యి మీద చోడి అంబలి మాడిపోయింది. మా ఆయన ఆ మాడు అంబలే తాగాడు. కొన్నాళ్ళకు గెడ్డ దాకా వెళ్ళి రాగలిగాను, తర్వాత అవతలి వలిసె చేను దాకా.

ఒక సంత అలాగే పోయింది, వాడు మళ్ళీ మలుపు నుంచే తిరిగొచ్చేశాడు. రెండో సంత పొద్దున మా ఆయన గుంటడి మీద గంపలు కట్టాడు. నేను గోడ చాటున నిలబడ్డాను. వాడి మెడలోనే ఉండిపోయిన తల్లి గంట చప్పుడు మలుపు దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ మోగుతూ కొండ దిగిపోయింది. వాడు సకిలించలేదు. ఒక్కసారైనా సకిలించకూడదా అని నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఉప్పు అడిగినామెకు పంచదార పోశాను.

సాయంత్రం గంట వినబడింది. ఉప్పు బస్తాలతో గుంటడు, వెనక ఈల వేసుకుంటూ మా ఆయన.

"బాగానే నడిసాడు. ఇంక అమ్మేదేటి," అన్నాడు.

గుంటడు నన్ను చూశాడు. చెవులు నిక్కాయి, ఒళ్ళంతా పులకరించింది. అయినా సరిగ్గా బారెడు దూరంలో ఆగిపోయి, పిలుపు కోసం నిలబడ్డాడు.

నేను పిలవలేదు. నేనే పరుగెత్తి వాడి మెడ కావలించుకున్నాను. పొద్దుటి నుంచీ కొంగున దాచిన బెల్లం విప్పి చేత్తో పెట్టాను.

గోడ మీంచి ముసలమ్మ అంది: "అది నేర్సుకుంది. ఇంక గుంజకి కట్టాల్సింది నిన్నే."