శబ్దం లేనప్పుడు లేచిన వేలు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి అవతలికి పోయేదాన్ని. నేను చేసేది చెవుల పరీక్ష. వినిపించిందా, లేదా, అంతే. ఈ రెండూ కానిది కూడా ఒకటి ఉంటుందని మీర్‌పేట్‌లో ఆ మధ్యాహ్నం దాకా అనుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చెవి డాక్టరు దగ్గర పనిచేస్తాను. ఆస్పత్రికి రాలేనివాళ్ల కోసం ఆదివారాలు బస్తీలకు వెళ్లి స్మార్ట్‌ఫోన్‌తో పరీక్ష చేస్తుంటాం. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా కూత వస్తుంది. వినిపిస్తే వేలెత్తాలి. మధ్యమధ్యలో ఫోన్ కావాలనే ఊరుకుంటుంది, ఊరికే వేలెత్తేవాళ్లను పట్టుకోవడానికి. గదిలో ఏమాత్రం చప్పుడైనా తెర మీద ఎర్రగుర్తు వస్తుంది.

యాదమ్మ అనే పెద్దామెది పోచంపల్లి వైపు. వయసంతా మగ్గాల చప్పుడులోనే గడిచింది. ఆ ఆదివారం మీర్‌పేట్‌లో మేం పెట్టిన క్యాంపుకి మోకాళ్ల నొప్పులతో రాలేదంటే నేనే వాళ్లింటికి వెళ్లాను.

"పక్కన పటాకులు కాల్చినా మా అత్తమ్మకు ఇనవడదు మేడమ్" అంది కోడలు సుజాత.

నిజమే. ఎంత పెద్ద కూతకూ ఆమె వేలు కదల్లేదు. కానీ ఫోన్ ఊరుకున్నప్పుడు లేచింది. దిగింది. మళ్లీ లేచింది. నన్ను సంతోషపెట్టడానికి ఊహించి ఎత్తుతోందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసేశాను. అయినా వేలు లేస్తూనే ఉంది.

ఏం వినిపిస్తోందని సైగ చేశాను. ఆమె పైకప్పు వైపు చూపించింది.

"ఎవలో పిలుస్తున్నరు. పండూ, పండూ అంటున్నరు. పండు ఎవలు?"

సుజాత తల అడ్డంగా ఊపింది. వాళ్లలో ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరు. నేను చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు. తెర మీద ఎర్రగుర్తూ లేదు. ఫోన్‌కు కూడా ఆ గదిలో ఏ చప్పుడూ అందలేదన్నమాట. యాదమ్మ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "జర పోయి చూడు బిడ్డా, ఏడుస్తున్నది" అంది.

పైపోర్షన్‌లో రామలక్ష్మిగారని గుంటూరు వైపు ఆవిడ ఒక్కరే కిరాయికి ఉంటారట. తలుపు కొట్టాం. పలకలేదు. కిటికీలోంచి చూస్తే వంటింటి గడప దగ్గర కాళ్లు కనిపించాయి. పక్కింటివాళ్లు వచ్చి తలుపు పగలగొట్టారు. మనిషి స్పృహలోనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోరు ఒక పక్కకు పోయింది. ఆటోలో ఎల్‌బీ నగర్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. పక్షవాతం అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

మా డాక్టరుగారికి చెబితే, చెవుడున్నవాళ్లకు నేల అదురు బాగా తెలుస్తుందన్నారు. పైన మనిషి పడ్డ అదురే ఆమెకు తెలిసి ఉంటుందన్నారు. సరే అనుకున్నాను. అలా అనుకుంటే మనసుకు హాయిగా ఉంది.

కొన్ని వారాలకు రామలక్ష్మిగారిని చూడటానికి వెళ్లాను. మాట కాస్త తిరిగింది. పక్కన విజయవాడ నుంచి వచ్చిన కూతురుంది.

"పడిపోయాక అరుద్దామంటే గొంతు పెగల్లేదమ్మా. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు" అన్నారావిడ ఆగి ఆగి. "లోపల్లోపలే పిలుచుకుంటా ఉన్నాను, దీన్నే."

కూతుర్ని పేరడిగాను. శ్రావణి అంది. నేను అలాగే చూస్తుంటే, "ఇంట్లో పండు అంటారండీ" అంది నవ్వుతూ.

రామలక్ష్మిగారు ఆ ఇంట్లో దిగి ఏడాది కూడా కాలేదు. యాదమ్మకు వినికిడి పోయి చాలా ఏళ్లైంది. ఇంట్లో పిలుచుకునే ఆ ముద్దుపేరు సుజాతకే తెలియదు. నేల అదిరితే అదరవచ్చు, పేరెలా చెబుతుంది?

యాదమ్మకు మళ్లీ పరీక్ష చేశాను, ఈసారి ఆస్పత్రిలో పెద్ద యంత్రం మీద. దాదాపు ఫోన్ చెప్పిందే అదీ చెప్పింది, శబ్దం చివరిదాకా పెంచితే తప్ప వేలు లేవలేదు. ఆ తర్వాత మేమే వినికిడి మిషన్ ఇప్పించాం. పెట్టగానే ఫ్యాను చప్పుడుకు ఉలిక్కిపడింది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నన్ను దగ్గరికి రమ్మని, సుజాతకు వినబడకుండా అడిగింది.

"గిది పెట్టుకుంటే గట్లాంటివి ఇనవడవు గద బిడ్డా? దినాం ఒస్తున్నయి. అన్నీ ఏడుపులే. ఎవలవో ఎరుక లేదు, ఎవల ఇంటికని పోవాలె?"